బహుమతి ఏ కొలతతో?

విశ్వవిద్యాలయాల్లో డిజిటల్ హ్యుమానిటీస్ అనే చదువు పెరుగుతోంది. భాషను, చరిత్రను, పాటను, కథను కంప్యూటర్ సాయంతో సేకరించి, వెతికి, పటాలుగా పట్టికలుగా చూపే పని ఇది. బాగా చేసిన విద్యార్థుల ప్రాజెక్టులకు కొన్నిచోట్ల బహుమతులు కూడా ఇస్తున్నారు. మంచిదే. రేపు మన పిల్లలూ ఈ పోటీల్లో నిలబడాలి. అయితే అక్కడ ఏ కొలతతో కొలుస్తారో మనం ముందే చూసుకోవాలి.

ఈ రంగంలో పేరున్న బహుమతి ఒకటి రాబర్టో బుసా పేరిట ఉంది. ఆయన ఇటలీకి చెందిన క్రైస్తవ మతగురువు. 1949లో ఐబీఎం కంపెనీ సాయం అడిగి, థామస్ అక్వినాస్ రచనల్లోని మాటలన్నిటికీ సూచిక తయారు చేయించే పని మొదలుపెట్టాడు. ఆ మాటల్ని కార్డుల మీద రంధ్రాలుగా కొట్టినవాళ్లలో ఎక్కువమంది గల్లరాతే పట్టణంలో శిక్షణ పొందిన యువతులు. బుసా పేరు బహుమతికెక్కింది. ఆ అమ్మాయిలెవరో వెతికి చెప్పడానికి దశాబ్దాల తర్వాత జూలియాన్ నైహన్ వంటి పరిశోధకులు పూనుకోవలసి వచ్చింది.

మనకిది తెలియని కథ కాదు. కిక్రి వాయిస్తూ గోండుల పురాణం పాడే పర్ధాన్, పరిశోధన గ్రంథంలో 'సమాచారమిచ్చిన వ్యక్తి'గా మిగిలిపోతాడు. రాసుకున్నవారు రచయితలవుతారు. పుస్తకానికి బదులు వెబ్‌సైటు వచ్చినంత మాత్రాన ఈ లెక్క సరికాదు.

ఇంకో చిక్కు ఉంది. అన్నీ అందరికీ తెరిచి పెట్టడమే గొప్ప అని ఈ రంగంలో చాలామంది నమ్మకం. కానీ పూజలో మాత్రమే పాడే పాటను ప్రపంచమంతటి ముందు పెట్టమని ఎవరు ఒప్పుకున్నారు? ఆస్ట్రేలియాలోని వరుముంగు ప్రజలతో కలిసి కింబర్లీ క్రిస్టెన్ చేసిన 'ముకుర్తు' దీనికి ఒక దారి చూపింది. వాళ్ల భాషలో ఆ మాటకు విలువైన వస్తువులు దాచుకునే సంచి అని అర్థం. ఏది అందరూ చూడవచ్చు, ఏది కొందరే చూడాలి అన్నది అక్కడ ఆ సమాజమే నిర్ణయిస్తుంది. మూసి ఉంచడం కూడా జ్ఞానంలో భాగమేనని మార్కులు వేసేవారు గుర్తించాలి.

మన దగ్గరికే వద్దాం. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. గొప్ప అడుగే. కానీ ఊరి బడిలో ఒక పిల్ల, అవ్వ చెప్పిన కథను ఆ అక్షరాలతో ఫోన్‌లో రాసుకున్నప్పుడే అది పూర్తవుతుంది. ఆ రెండో అడుగు వేయించే ప్రాజెక్టు చూపుకు సాదాగా ఉండవచ్చు. రంగురంగుల పటం పక్కన వెలవెలబోవచ్చు. నా దృష్టిలో బహుమతి దానికే దక్కాలి.

కనుక ఉపాధ్యాయులు విద్యార్థిని పోటీకి పంపేముందు మూడు ప్రశ్నలు అడగాలి. పాడినవారి పేరు నీ పేరు పక్కన ఉందా? వాళ్ల భాషలో వివరించి అనుమతి తీసుకున్నావా? నెట్ లేకున్నా తెరుచుకునే ప్రతి ఒకటి గూడెం బడికి ఇచ్చావా? న్యాయనిర్ణేతలు ఇవి అడగకపోతే మన విద్యార్థులే ముందుగా జవాబులు రాసి పంపాలి. ఏమి చూడాలో కమిటీకి అలా తెలుస్తుంది.