సాంచె చప్పుడుతో పాటు మాట కూడా పోయింది

మన షోలాపూర్ తూర్పు పేటల్లో తీసిన ఒక విద్యార్థి సినిమా ఈ మధ్య చూసిన. మరమగ్గం మీద చద్దర్లు నేసే కుటుంబం గురించి. పిల్లలు బాగ కష్టపడ్డరు. తెగిన పోగును అతికే చేతుల్ని అంత దగ్గరగా ఇంకే సినిమాలోనూ చూడలేదు. అందుకే దాని ధ్వని గురించి గట్టిగా చెప్పాలనిపించింది.

కండెలు చుట్టే పెద్దమ్మ మాట్లాడుతుంటే వెనక సాంచె చప్పుడే లేదు. ఎడిటింగులో తీసేసిండ్రు. ఫ్యాను హోరులాగ ఒకే తీరుగ సాగే శబ్దమైతే సాఫ్ట్‌వేర్ సులువుగా తగ్గిస్తది. సాంచెది హోరు కాదు, దెబ్బ. నాడెను కొట్టే ప్రతి దెబ్బ మాటలోని ధ్వనుల మీదనే పడుతది. దాన్ని బలవంతంగా తీస్తే మాటలోని సన్నటి రాపిడి కూడా పోతది. ఆమె 'ౘుట్టుడు', 'ౘాలు' అన్నప్పుడు పండ్ల దగ్గర పలికే ౘ మొద్దుబారి, నీళ్లలోంచి వచ్చినట్టుంది. తెలుగులోనూ మరాఠీలోనూ ఉన్న ధ్వని అది. రెండు భాషల నడుమ బతికే మనం దాన్ని పోగొట్టుకోవద్దు.

అంతకన్నా పెద్ద లోపం వాయిస్ ఓవర్. 20 సెకన్లలోనే ఆమె గొంతు తగ్గిపోయి, పాఠ్యపుస్తకం చదివినట్టు ఇంకో గొంతు వస్తది. ఆమె 'పగార్' అంటే ఇది 'వేతనం' అంటది, 'కార్ఖానా' అంటే 'కర్మాగారం' అంటది. ఇదీ ఒక రకం క్లీనింగే. మొదటిది చప్పుడును కడిగింది, రెండోది యాసను కడిగింది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1971లో చేనేత మాండలిక వృత్తి పదకోశం వచ్చింది. గొప్ప పని. కానీ అది ఆంధ్రప్రదేశ్ మాటల కోశం, మనం సరిహద్దు అవతల ఉన్నం. పైగా కాగితం మీద పదం ఉంటది గానీ గొంతు ఉండదు. ఆ లోటు తీర్చగలిగేవి ఇసొంటి సినిమాలే.

ఇక ముందు తీసేటోళ్లకు ఒక మాట. సాంచెలు ఆగిన రోజు ఆమెను ఇంట్ల కూర్చోబెట్టండి. చుట్టూ నాలుగు చద్దర్లు వేలాడదీస్తే గది మోత తగ్గుతది. మైకు జానెడు దూరంలో పెట్టి, కథంతా ఆమెతోటే చెప్పించండి. ఎవరూ మాట్లాడని అరనిమిషం కూడా రికార్డు చేసుకుంటే కోతల నడుమ అతుకు తెలియదు. సాంచె చప్పుడును వేరేగా రికార్డు చేసి ఆమె మాట కింద మెల్లగ కలపండి.

సినిమా పూర్తయినంక కూడా, కడగని అసలు ఫైలును మాత్రం చెరపకండి. ఈ సినిమా పిల్లల దగ్గర అది ఇంకా ఉంటే, భద్రంగ దాచమని నా మనవి.