4.5 ఈ ఫలితం ఎందుకు వచ్చింది? – శోధన ఫలితాల వివరణ: విమర్శనాత్మక పరిశీలన

గ్రంథాలయ కేటలాగులో మీరు 'నీరు' అని టైపు చేశారనుకోండి. అక్కడ నీటిపారుదల మీద పది పుస్తకాలున్నా ఒక్కటీ రాకపోవచ్చు. వాటి శీర్షికల్లో ఉన్న మాట 'నీటి', 'నీళ్లు'. యంత్రానికి ఇవి మూడు వేర్వేరు అక్షరాల వరుసలు. ఈ సంగతి తెర మీద ఎవరూ చెప్పరు కాబట్టి, మీరు "ఈ విషయం మీద పుస్తకాలు లేవు" అనుకుని వెళ్లిపోతారు. దూరవిద్యలో ప్రాజెక్టు రాసే అభ్యాసకునికి ఇది చిన్న నష్టం కాదు. కాబట్టి ఒక శోధన వ్యవస్థను అంచనా వేసేటప్పుడు అది ఎన్ని ఫలితాలు ఇచ్చిందన్న దానితో ఆగకూడదు. అవి ఎందుకు వచ్చాయో పాఠకునికి తెలియజేసిందా అని కూడా అడగాలి.

4.5.1 సందర్భంతో సహా చూపడం

ఈ ప్రశ్నకు తొలి జవాబుల్లో ఒకటి 1950ల చివర ఐ.బి.ఎం. సంస్థలో హాన్స్ పీటర్ లూన్ రూపొందించిన క్విక్ సూచిక. కీలక పదాన్ని మధ్యలో నిలిపి, శీర్షికలో దానికి అటూ ఇటూ ఉన్న మాటలను కూడా అందులో అచ్చువేస్తారు. పదం ఏ అర్థంలో వచ్చిందో చదువరి తన కళ్లతోనే చూసుకోగలడు. నేటి సెర్చ్ ఇంజన్లలో ప్రతి ఫలితం కింద కనిపించే రెండు మూడు వాక్యాల స్నిప్పెట్‌లోనూ, అందులో ముద్దక్షరాల్లో కనిపించే మాటల్లోనూ ఉన్నది ఈ ఆలోచనే. శోధన పదాలకు అనుగుణంగా ఎంచిన ఇలాంటి సారాంశాలు చూపినప్పుడు, వినియోగదారులు తమకు పనికివచ్చే పత్రాలను మరింత వేగంగా, కచ్చితంగా గుర్తించారని టొంబ్రోస్, శాండర్సన్‌లు 1998లో ప్రయోగపూర్వకంగా చూపారు.

ఈ పద్ధతి బలం ఏమిటంటే, వివరణను మీరే సరిచూసుకోవచ్చు. ఉదాహరణకు, అక్షరదోషాలను సర్దుకుని వెతికే వ్యవస్థలో 'కాలువ' అని అడిగితే 'కలువ' పూల పుస్తకం కూడా రావచ్చు. పదాల చివరి అక్షరాలను తగ్గించి 'కాలు'తో మొదలయ్యేవన్నీ తెచ్చే వ్యవస్థ అయితే 'కాలుష్యం' కూడా వస్తుంది. ఆ మాటలు ముద్దక్షరాల్లో కనిపిస్తే పొరపాటు ఎక్కడ జరిగిందో మీకు ఒక్క చూపులో తెలుస్తుంది. కనిపించకపోతే కేటలాగు మీదే నమ్మకం పోతుంది.

4.5.2 ఈ పద్ధతి పరిమితులు

మొదటిది: చాలా కేటలాగులు ఫలితాల జాబితాలో శీర్షిక, రచయిత పేరు మాత్రమే చూపుతాయి. 'జాతీయోద్యమం నవల' అని వెతికితే ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922) రావడం సరైనదే. కానీ శీర్షికలో ఆ మాటలు లేవు. అవి విషయ శీర్షికల్లో ఉండి ఉంటాయి. "విషయ శీర్షికలో దొరికింది" అని ఒక్క ముక్క చూపకపోతే కొత్త పాఠకుడు దాన్ని పొరపాటుగా భావించి దాటిపోతాడు.

రెండవది: ముద్దక్షరాలు దొరికినదాన్నే చూపుతాయి, దొరకనిదాన్ని దాచేస్తాయి. మీరు మూడు మాటలు ఇస్తే, రెండే ఉన్న పేజీ కూడా నిండుగా సరిపోయినట్లు కనిపిస్తుంది. గూగుల్ కొన్ని ఫలితాల కింద, ఆ పేజీలో లేని మాటను కొట్టివేసి చూపి, అది తప్పక ఉండాలని కోరే వీలు కల్పిస్తుంది. ఇది చూడటానికి చిన్న ఏర్పాటే అయినా మంచి వివరణకు నమూనా. లోపాన్ని ఒప్పుకుని, దిద్దుకునే దారిని పక్కనే పెడుతుంది. అదే సంస్థ 2021లో, ఫలితం పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే ఏ మాటలు, ఏ సంబంధిత పదాలు సరిపోయాయో చెప్పే ఏర్పాటు కూడా చేసింది. సమాచారం ఉపయోగకరమే, కానీ వెతికి నొక్కితే తప్ప కనిపించని వివరణ ఎంతమందికి చేరుతుంది?

4.5.3 వివరణలా కనిపించేవి

కొన్ని వ్యవస్థలు ఫలితం పక్కన ఒక స్కోరు వేస్తాయి. పదం ఎన్నిసార్లు వచ్చింది, మొత్తం సేకరణలో అది ఎంత అరుదు, పత్రం ఎంత పొడవు అనే లెక్కల నుంచి ఆ అంకె పుడుతుంది. లూసీన్ వంటి సాఫ్ట్‌వేర్ ఆ లెక్కను మెట్టు మెట్టుగా విప్పి చూపగలదు. వ్యవస్థను నిర్వహించేవారికి అది చాలా అవసరం. పాఠకునికి మాత్రం '14.2' అన్న అంకె ఏమీ చెప్పదు. వేరొక శోధనలో వచ్చిన అంకెతో దాన్ని పోల్చడానికీ వీల్లేదు.

అర్థసామ్యంతో వెతికే నేటి పద్ధతుల్లో చిక్కు మరింత పెద్దది. ఒక్క మాటా కలవకుండానే పత్రం రావచ్చు. అప్పుడు యంత్రం తర్వాత అల్లి చెప్పే కారణం నమ్మదగినట్లు వినిపించినా, ఫలితం రావడానికి అసలు కారణం అదే కానవసరం లేదు.

4.5.4 తెలుగుకు కావలసినది

'ఇల్లు' 'ఇంటి'గా, 'ఊరు' 'ఊళ్లు'గా మారే భాషలో పదరూపాలను కలిపి వెతకక తప్పదు. కలిపినప్పుడు "నీరు, నీటి, నీళ్లు అనే రూపాలతో వెతికాం" అని ఫలితాల పైనే చెప్పాలి. వద్దనుకున్న రూపాన్ని తీసేసే వీలు ఇవ్వాలి. పాఠకుని కాలాన్ని ఆదా చేయమన్న రంగనాథన్ నాలుగో సూత్రానికి ఇక్కడ ఇదే ఆచరణ. ఏ ఫలితమూ రానప్పుడు ఈ వివరణ అవసరం ఇంకా ఎక్కువ.

సారాంశం

మంచి వివరణకు మూడు గుర్తులు: ఏ మాట ఎక్కడ దొరికిందో చూపాలి, ఏది దొరకలేదో, మీ మాటను ఎలా మార్చి వెతికిందో ఒప్పుకోవాలి, మీరు దాన్ని సరిదిద్దే వీలు ఇవ్వాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ముద్దక్షరాల్లో చూపడం వల్ల కలిగే లాభాన్నీ, లోపాన్నీ ఒక్కొక్క ఉదాహరణతో రాయండి.
2. మీకు అందుబాటులో ఉన్న ఒక ఆన్‌లైన్ కేటలాగులో 'నీరు', 'నీటి', 'నీళ్లు' అని విడివిడిగా వెతకండి. ఫలితాల తేడాను నమోదు చేసి, ఆ తేడాకు కారణాన్ని కేటలాగు మీకు ఎంతవరకు తెలియజేసిందో విమర్శించండి.