బస్సు ఆపే చెయ్యి

అమోనియా పరీక్ష మీద నా చిరాకు ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. కాలేయం గట్టిపడి, పొట్టలో నీరు చేరి, మత్తుగా ఉన్న మనిషి ఐసీయూలోకి రాగానే మా కుర్ర డాక్టర్లు ముందు అదే రాస్తారు. రక్తాన్ని ఐసులో పెట్టి పరుగున పంపాలి, ఆలస్యమైతే అంకె ఉత్తినే పెరిగిపోతుంది. పోనీ సరిగ్గా వచ్చినా మత్తు ఎంత లోతో అది చెప్పదు. నా పరీక్షకి పైసా ఖర్చు లేదు. "బస్సు ఆపుతున్నట్టు చేతులు చాపండి" అంటాను. కాసేపటికి మణికట్టు దగ్గర చెయ్యి జారి, ఉలిక్కిపడి మళ్లీ లేస్తుంది, పిచ్చుక రెక్క విదిల్చినట్టు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మా వార్డు సిస్టర్ కేస్‌షీటు చివర పెన్సిలుతో గీతలు గీసేది. విరేచనానికో గీత. లాక్టులోజ్ ఇస్తున్నామంటే రోజుకి రెండో మూడో మెత్తటి విరేచనాలు అవ్వాలి. గీత లేకపోతే మాకు తిట్లు. ఆరు దాటినా తిట్లే, "మనిషిని ఎండగట్టేస్తారా?" అని. నిజమే, నీరూ పొటాషియమూ పోతే మత్తు ఇంకా ముదురుతుంది. పత్యమని ఇంటివాళ్లు పప్పూ గుడ్డూ మానిపిస్తే ఆమెకి ఒళ్లు మండేది. మా పుస్తకాలు అప్పట్లో ఇంటివాళ్ల పక్షమే! కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు పెట్టమంటున్నారు ఇప్పుడు. కాలేయం వదిలేసిన అమోనియాని కొంత కండే పట్టుకుంటుంది, ఆ కండని మనమే కరగబెట్టేవాళ్లం.

మంగళవారం ఒక పెద్దాయన వచ్చాడు. చేతులు ఊగాయి. మూడు రోజులుగా విరేచనం లేదంది భార్య. ఇంకేం కావాలి? రైల్స్ ట్యూబులో లాక్టులోజ్ పోయించి, అమోనియా పంపినందుకు మా కుర్ర డాక్టరమ్మాయిని నలుగురిలో కేకలేశాను. ఫలితం నార్మల్. "ల్యాబు తప్పయి ఉంటుంది" అన్నాను.

"నార్మల్ వస్తే మత్తుకి వేరే కారణం వెతకాలి కదా సార్" అంది. మళ్లీ భార్యని పిలిచి అడిగింది. మొన్న బాత్‌రూములో జారాడట, దెబ్బేం కనపడలేదని చెప్పలేదట. సీటీ తీస్తే పుర్రె కింద నెత్తురు.

న్యూరోసర్జన్ కోసం చూస్తున్నాం. "రేపు మళ్లీ అమోనియా పంపనా సార్?" అంది.

వద్దన్నాను, ఈసారి మెల్లిగా.