నడిచేవాళ్లకు సైరన్ ఉండదు

హైదరాబాద్ ఎంత పెద్దదో తెలియాలంటే పెళ్లి శుభలేఖలు పంచాలి. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు తెలిసేది ఇల్లు, ఆఫీసు, రెంటి మధ్యా రోజూ పోయే ఒకే దారి. చుట్టాలు అలా ఒక దారిలో ఉండరు. ఒకరిది ఉప్పల్, ఒకరిది లాల్‌దర్వాజ, ఇంకొకరిది కొండాపూర్. వాట్సాప్‌లో కార్డు పంపినా సరే, ఇంటికి వెళ్లి బొట్టు పెట్టకపోతే పెద్దవాళ్లను పిలిచినట్టు కాదు. మొన్న మా మేనత్త కొడుకు పెళ్లికి ఆ పని నాకు పడింది. పొద్దున్నే అత్తమ్మ కుంకుమ భరిణె, కార్డుల సంచి ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. చీకటి పడేదాకా ఊరంతా తిరిగాం.

వడ్రంగం, నేత, వంట లాగే బండి నడపడం కూడా ఒక పనితనమే. లక్షలాదిమంది రోజూ చేస్తున్నారు కాబట్టి దాన్ని ఎవరూ విద్యగా లెక్కపెట్టరు. పొద్దుటి నుంచి రాత్రి దాకా స్టీరింగ్ పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాక నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే. ఇరుకు సందులో రివర్సు తీయడం కన్నా, ఎత్తు మీద బండి ఆపి మళ్లీ ఎక్కించడం కన్నా, కాలినడకన వెళ్లే మనిషికి దారి ఇవ్వడం కష్టమైన విద్య. మన ఊళ్లలో ఇప్పుడు అన్నిటికన్నా అవసరమైన విద్య కూడా అదే.

అత్తమ్మకు డ్రైవింగ్ రాదు. జీవితమంతా నడిచి, బస్సులెక్కి తిరిగిన మనిషి. నేను ముందు బండి బ్రేకు లైట్లు చూస్తుంటే ఆమె డివైడర్ మీద నిలబడ్డవాళ్లను చూస్తుంది. ఉప్పల్ చౌరస్తా దాటుతున్నప్పుడు తల పైకెత్తి స్కైవాక్ చూసింది. 2023లో ప్రారంభమైన ఆ నడక వంతెనకు లిఫ్టులున్నాయి. మెట్రో స్టేషన్‌కి కూడా దారి ఉంది. వరంగల్ వైపు వెళ్లే బస్సులూ ఆటోలూ కిక్కిరిసి ఉండే కూడలి అది. "మోకాళ్ల నొప్పులున్నోళ్లకు గిట్లుండాలె బిడ్డా. మెట్లు గట్టి ఎక్కుమంటే ఎట్ల ఎక్కుతరు?" అంది. రోడ్డు దాటడానికి మెట్ల వంతెనలు చాలాచోట్ల కట్టారు. వాటి కిందే ప్రాణాలకు తెగించి రోడ్డు దాటుతున్న పెద్దవాళ్లను చూసినప్పుడు అత్తమ్మ ప్రశ్న అడగాల్సిందే అనిపిస్తుంది.

నాగోల్, కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి బడి వేళ అయింది. నెత్తిన మెట్రో, కింద బస్సులు, ఆటోలు, బైకులు. డివైడర్ సందులోంచి ఒకావిడ రోడ్డు మీదికి దిగింది. ఒక చేతిలో పిల్లవాడి బడి సంచి. ఇంకో చేత్తో వాడి మణికట్టు గట్టిగా పట్టుకుంది. సంచి ఉన్న చేతినే కొంచెం పైకెత్తి, అరచేయి మా వైపు తిప్పింది. ఆ సైగ ఈ ఊళ్లో పుట్టి పెరిగిన ప్రతివాళ్లకూ తెలుసు. జీబ్రా గీతలు చెరిగిపోయిన చోట, సిగ్నల్ లేని చోట, నడిచేవాళ్ల చేతిలో ఉన్న ఏకైక సిగ్నల్ అది. "ఆగు బిడ్డా, ఆమెను దాటనియ్యి" అంది అత్తమ్మ. అప్పటికే నా కాలు బ్రేకు మీద ఉంది.

అయితే బ్రేకు తొక్కినంత మాత్రాన దారి ఇచ్చినట్టు కాదు. అసలు పనితనం అక్కడే మొదలవుతుంది. ముందు అద్దంలో వెనకాల ఎవరున్నారో చూసుకోవాలి. బస్సు ఆనుకుని వస్తుంటే ఒక్కసారిగా ఆపకూడదు, కాస్త ముందు నుంచే నెమ్మదించాలి. ఆపేటప్పుడు మనిషికి మరీ దగ్గరగా వెళ్లి ఆపకూడదు. రెండు మూడు గజాల ఎడం ఉంచితే మన పక్క నుంచి దూసుకొచ్చే బైకు వాడికి ఆ మనిషి కనిపిస్తుంది. లేకపోతే మన బండే అడ్డుగోడ అవుతుంది. మనం ఆగామన్న నమ్మకంతో అడుగేసిన మనిషి బైకు కింద పడేది అలాగే. అందుకే ఆగినప్పుడు కుడి చెయ్యి కిటికీలోంచి బయటికి చాచి, అరచేయి కిందికి పెట్టి పైకీ కిందికీ ఊపాలి. వేగం తగ్గిస్తున్నానని వెనకవాళ్లకు చెప్పే పాత సంజ్ఞ అది, నిబంధనల్లో ఇప్పటికీ ఉంది. ఏసీ కోసం అద్దాలు ఎత్తేశాక చాలామంది చేతులు ఆ అలవాటు మరిచిపోయాయి. నేను చెయ్యి చాచాను. వెనకాల ఆటో ఆగింది. ఆటో పక్కన రెండు బైకులు ఆగాయి. ఆవిడ పరుగెత్తలేదు. పిల్లవాణ్ణి తన పక్కకు లాక్కుని, మామూలు నడకతో దాటింది.

ఆమె పరుగెత్తకపోవడం చాలా పెద్ద విషయం. పరుగెత్తే మనిషి ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ తూలుతాడో డ్రైవర్‌కు తెలియదు. నడక అయితే అంచనాకు అందుతుంది. మన హారన్ ఆ నడకను పరుగు చేస్తుంది. అందుకే రోడ్డు దాటుతున్న మనిషి మీద హారన్ కొట్టకూడదు. బండి పూర్తిగా ఆపాలి, లేదా ఒకే వేగంతో పోతూ అతన్ని ఆగనివ్వాలి. ఆగీ ఆగనట్టు పాకించుకుంటూ పోతే ఎదుటివాళ్లకు మన మనసు అర్థం కాదు. రోడ్డు నడిమధ్యలో ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి వేస్తూ చిక్కుకుపోయే ముసలివాళ్లను అలా చిక్కులో పడేసేది ఆ సగం సగం ఆగడమే.

చాదర్‌ఘాట్, కోఠి, అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ మీదుగా పాతబస్తీలోకి వెళ్లాం. మదీనా దగ్గర్నుంచి బండి మనిషి నడకతో సమానంగా కదిలింది. పక్కన తోపుడు బండి మీద జామకాయలు, ముందు బట్టల మూటలు మోసుకెళ్తున్న మనిషి, అద్దానికి ఆనుకుని సైకిల్. ఎవరి లేనులో వాళ్లు పోవాలంటే అక్కడ లేన్లే లేవు. అయినా ఆ దారిలో నా భుజాలు బిగుసుకోలేదు. అంత నెమ్మదిలో ఎదుటి మనిషి కళ్లు కనిపిస్తాయి. తోపుడు బండి అతను చూపుతో అడిగాడు, నేను తల ఊపాను, అతను తిప్పుకుని వెళ్లిపోయాడు. మాట లేదు, హారన్ లేదు.

దీని వెనక లెక్క ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు దాటుతుంది. కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఆ సెకను అయిపోతుంది. బ్రేకు పడ్డాక బండి నిలబడడానికి పొడి రోడ్డు మీద కూడా ఇంచుమించు ఇంకో అంత దూరం కావాలి. వేగం సగానికి తగ్గిస్తే బ్రేకు పడ్డాక పోయే దూరం నాలుగో వంతుకు తగ్గుతుంది. నెమ్మదిగా పోయేవాడికి మర్యాద చూపించే వ్యవధి దొరుకుతుంది. వేగంగా పోయేవాడికి మనసు ఎంత మంచిదైనా ఆ వ్యవధి ఉండదు. దారి ఇవ్వాలనుకునేవాడు ముందుగా వేగం తగ్గించాలి, మిగతావన్నీ ఆ తర్వాతే.

లాల్‌దర్వాజలో బొట్టు పెట్టి, టీ తాగి, పురానాపూల్ వైపు తిరిగాం. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో మూసీ మీద కట్టిన వంతెన అది. ఇప్పుడు దాని మీద కూరగాయల బళ్లు, కొనుక్కునేవాళ్లు. మోటారు బండ్లు పక్కన కట్టిన వంతెన మీది నుంచి పోతాయి. అత్తమ్మ అద్దం దించి కొత్తిమీర ధర అడిగే దూరంలో లేదు కానీ, అడగాలన్నంత ఆశగా చూసింది. ఈ మహానగరంలో మనుషులు వెనక్కి తిరిగి చూసుకోకుండా బేరమాడగలిగే వంతెన ఒకటి ఉన్నందుకు నాకు సంతోషం వేసింది.

అక్కణ్ణుంచి అత్తాపూర్. చుట్టాలాయన ఫోన్‌లో చెప్పిన అడ్రసు ఒక పిల్లర్ నంబరు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో మొదలైంది. దాని స్తంభాలే ఇప్పుడు చుట్టుపక్కల కాలనీలన్నిటికీ గుర్తు. పైన విమానాశ్రయానికి పోయేవాళ్లు ఆగకుండా పోతారు. కింద స్తంభాల మధ్య బస్సులు, బైకులు, స్కూలు ఆటోలు, ఫంక్షన్ హాళ్ల ముందు ఆగిన కార్లు, వాటి నడుమ నడిచేవాళ్లు. స్తంభం చాటు నుంచి మనిషి ఎప్పుడు బయటికి వస్తాడో తెలియదు. అక్కడ నడిపేటప్పుడు ప్రతి స్తంభం వెనకా ఒక మనిషి ఉన్నాడనే అనుకోవాలి. నంబరు వెతుక్కుంటూ మెల్లగా పోతున్న మాకు అది సులువైంది. ఆఫీసుకు ఆలస్యమైనవాళ్లకు కూడా అది అలవాటు కావాలి.

మధ్యాహ్నం మెహదీపట్నం దగ్గర ట్రాఫిక్ పూర్తిగా నిలిచిపోయింది. వెనకాల అంబులెన్స్ సైరన్. ముందు ఏ మాత్రం సందు లేదు. సిటీ బస్సు డ్రైవర్ మొదట కదిలాడు. అంత పెద్ద బండిని అంగుళం అంగుళం ఎడమకు తోసి, ఫుట్‌పాత్ రాయికి ఆనించాడు. ఒక ఆటో అతను దిగి, చేతులు రెండూ ఊపుతూ, "అన్నా, జర పక్కకు! భయ్యా, సైడ్, సైడ్!" అంటూ ముందుకు పరుగెత్తాడు. కార్లు ఇటూ అటూ జరిగాయి. పాపిట తీసినట్టు రోడ్డు నడిమికి చీలింది. అంబులెన్స్ ఆ సందులోంచి వెళ్లిపోయింది. అత్తమ్మ రెండు చేతులూ జోడించింది.

దారి ఇవ్వడం ఈ ఊరికి చేతనవును. ఎవరూ నేర్పకుండానే, ఎవరూ ఆజ్ఞాపించకుండానే, అరనిమిషంలో అంతమంది కలిసి చేసి చూపించారు. సైరన్ అడిగితే ఇస్తాం. నడిచేవాళ్లకు సైరన్ ఉండదు. వాళ్లు చెయ్యి ఎత్తి అడుగుతారు, లేదా కళ్లతో అడుగుతారు. ఆ అడగడాన్ని కూడా వినగలిగినప్పుడే మనం బండి నడపడం నేర్చుకున్నట్టు.

సాయంత్రానికి షేక్‌పేట ఫ్లైఓవర్ దిగి గచ్చిబౌలి వైపు చేరాం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత రూపురేఖలు మారిపోయిన ప్రాంతం ఇది. గత పదేళ్లలో ఈ పక్క ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వరసగా వచ్చాయి. చాలా కూడళ్లలో సిగ్నళ్లు తీసేసి యూటర్న్‌లు పెట్టారు. కార్లు ఎర్ర లైటు దగ్గర నిలబడే బాధ తగ్గింది. ఆ ఎర్ర లైటు పడినప్పుడే నడిచేవాళ్లు రోడ్డు దాటేవాళ్లు. లైటుతో పాటు వాళ్ల వ్యవధీ పోయింది. మెడలో ఐడీ కార్డులు వేలాడుతున్న పిల్లలు పదిహేను ఇరవైమంది డివైడర్ దగ్గర గుమిగూడి నిలబడ్డారు. ఒక్కరుగా దాటలేరు కాబట్టి గుంపు తయారయ్యేదాకా ఎదురుచూస్తున్నారు. గుంపు కదిలితే కార్లు ఆగక తప్పదు. బాగా చదువుకున్న ఆ పిల్లలు రోజూ ఇంటికి పోవడానికి కనిపెట్టుకున్న ఉపాయం అది. బండ్లు ఆగకుండా పోయేలా కట్టిన ప్రతి కూడలిలోనూ, మీట నొక్కితే ఎర్ర లైటు పడే పాదచారుల సిగ్నల్ పెట్టడం తప్పనిసరి చేయాలి. వేగం ఇచ్చిన చేత్తోనే ఆ వ్యవధిని కూడా తిరిగి ఇవ్వాలి.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో ఐదో వంతుకు దగ్గరగా పాదచారులు. 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవాళ్లు. కారు తలుపు వేసుకుని కూర్చున్నవాళ్లం తీసుకునే జాగ్రత్త ఎక్కువగా కాపాడేది కారు బయటి మనుషులనే అని ఆ అంకెలు చెబుతున్నాయి. చట్టమూ వాళ్ల వైపే ఉంది. సిగ్నల్ లేని పాదచారుల దారి దగ్గర బండి నెమ్మదించి, ఆపి, నడిచేవాళ్లకు దారి ఇవ్వాలని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు స్పష్టంగా చెప్పాయి.

కొండాపూర్‌లో ఆఖరి కార్డు ఇచ్చి, అవుటర్ రింగ్ రోడ్డెక్కి ఘట్‌కేసర్ మీదుగా ఇంటికి తిరిగాం. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద గంటకు 120 దాకా పోవచ్చు. నడిచేవాళ్లకూ బైకులకూ అక్కడ చోటు లేదు కాబట్టే ఆ వేగానికి అర్థం ఉంది. ఘట్‌కేసర్ దగ్గర దిగి ఊళ్ల మధ్యలోకి వచ్చాక కూడా కాలికి ఆ వేగమే అలవాటుగా ఉంటుంది. కంటికి 60 కూడా నెమ్మదిగా కనిపిస్తుంది. అందుకే అవుటర్ దిగగానే స్పీడోమీటర్ చూసి వేగం తగ్గించుకోవాలి. ఒంటి అంచనాను నమ్మకూడదు.

లైసెన్సు ఇచ్చే అధికారులకు ఒక మనవి. నాగోల్ లాంటి చోట్ల టెస్టు ట్రాకు మీద ఎనిమిది ఆకారంలో తిప్పిస్తారు, హెచ్ ఆకారంలో ముందుకూ వెనక్కూ నడిపిస్తారు. బండి అదుపులో ఉందో లేదో దానితో తెలుస్తుంది. దానికి ఇంకొకటి కలపండి. ట్రాకు మధ్యలో ఒక జీబ్రా గీత గీసి, పక్కన ఒక మనిషిని నిలబెట్టండి. ఆ మనిషి చెయ్యి ఎత్తకముందే గమనించి, అద్దం చూసుకుని, ఎడం ఉంచి ఆపి, అవతలి గట్టుకు చేరేదాకా కదలకుండా ఉన్నవాళ్లకే లైసెన్సు ఇవ్వండి. మిగతావాళ్లు ఇంకా నేర్చుకోవాలి.