హోల్డ్ లిస్టు

కొన్నేళ్ళ కిందటి మాట. మార్చి 31 మధ్యాహ్నం భోజనం చేసి చేయి కడుక్కుంటుంటే బ్యాంకు మెసేజ్ వచ్చింది. జీతం పడింది. పాత కంపెనీ నుంచి, నెల మొత్తం జీతం. నేను అక్కడ ఐడీ కార్డు తిరిగిచ్చి బయటికొచ్చింది మార్చి 10న.

ఇంకెవరైనా అయితే కాసేపు తికమకపడేవాళ్ళు. మిగిలిన సెలవుల డబ్బు కలిపి వేశారేమో అనుకునేవాళ్ళు. నాకా అవకాశం లేదు. పంతొమ్మిదేళ్ళు పేరోల్‌లో పనిచేశాను, మూడు కంపెనీల్లో. అంకె చూడగానే తెలిసింది, 21 రోజులు ఎక్కువ. ఎందుకు పడిందో కూడా తెలిసింది. హోల్డ్ లిస్టు వేయలేదు.

మా దగ్గర ప్రతి నెలా 20వ తేదీకి ఇన్‌పుట్స్ మూసేస్తారు. ఎవరు చేరారు, ఎవరు వెళ్ళారు, ఎవరికి జీతం కోత, అన్నీ ఆ లోపే రావాలి. రాజీనామాలు ఒక సాఫ్ట్‌వేర్‌లో, జీతాలు ఇంకో సాఫ్ట్‌వేర్‌లో. ఇందులోది అందులోకి దానంతటది రాదు. పైగా మేనేజర్లు రిలీవింగ్ అప్రూవ్ చేయడం మర్చిపోతారు. మనిషి వెళ్ళిపోయి పది రోజులైనా సిస్టమ్‌లో ఇంకా ఉద్యోగిగానే ఉంటాడు. అందుకని నా సొంతానికి ఒక ఎక్సెల్ షీటు పెట్టుకున్నాను. వెళ్ళేవాళ్ళ గురించి కారిడార్‌లో విన్నా, వీడ్కోలు కేకు తిన్నా, సీటుకొచ్చి పేరు రాసేసేదాన్ని. బ్యాంకు ఫైలు పంపే ముందు ఆ పేర్లన్నీ ఆపేదాన్ని. అదే హోల్డ్ లిస్టు. వెళ్ళేటప్పుడు పద్నాలుగు అంశాలతో హ్యాండోవర్ మెయిల్ రాశాను. అందులో ఈ షీటు లేదు. అదొక పని అని నాకే తట్టలేదు.

అంటే తప్పు వాళ్ళదా, నాదా?

ఆ రోజే ఒక మెయిల్ కొట్టి ఉండాల్సింది. కొట్టలేదు. "వాళ్ళు అడిగినప్పుడు చూద్దాంలే" అన్నారు మావారు. పాత సహోద్యోగి ఒకావిడ ఇంకా సూటిగా చెప్పింది: "కిందటేడు నీ బోనస్ సగం కోశారు కదే, చెల్లుకు చెల్లు." ఆ మాట వినడానికి హాయిగా ఉంది. బోనస్ సంగతి నిజమే కూడా. కానీ నేను లెక్కల మనిషిని. ఆ బోనస్ కోసం అప్పట్లో ఒక్క ముక్క రాసి అడగలేదు. అడగని బాకీకి, వాళ్ళకి తెలియని పొరపాటుకి చెల్లు వేయడం ఏ ఖాతా పుస్తకంలోనూ కుదరదు. కుదరదని తెలిసి కూడా ఏప్రిల్ నెల మొత్తం ఊరుకున్నాను.

మే మొదటి వారంలో ఉత్తరం వచ్చింది. నా ఫైనల్ సెటిల్‌మెంట్ వేస్తుంటే బయటపడిందట. ఏడు రోజుల్లోగా 63,000 కట్టాలి, లేదంటే చట్టపరమైన చర్యలు, రిలీవింగ్ లెటర్ నిలిపివేత. చదువుతుంటే ఒళ్ళు మండింది. రెండో పేరా దగ్గర ఆగాను. ఆ వాక్యాలు ఎక్కడో చూసినట్టుంది. చూడటమేమిటి, రాసింది నేనే. ఆ కంపెనీలో చేరిన కొత్తలో, ఫోన్లెత్తని మాజీ ఉద్యోగుల కోసం నేను తయారుచేసిన నమూనా అది. "తక్షణమే" అన్న మాట రెండుసార్లు పడింది. అప్పుడు దిద్దలేదు, తర్వాత ఎవరూ దిద్దలేదు.

ఉద్యోగంలో ఉన్నవాళ్ళతో ఈ ఉత్తరాల గొడవ ఉండదు. అప్పట్లో అమల్లో ఉన్న 1936 నాటి వేతన చెల్లింపు చట్టమే పొరపాటున ఎక్కువిచ్చిన జీతాన్ని తర్వాతి జీతంలో సర్దుకోవచ్చని చెప్పేది, కాకపోతే మామూలుగా కోతలన్నీ కలిపి సగం దాటకూడదనేది. ఒకసారి మా ప్యాంట్రీ కుర్రాడికి నెల జీతం రెండుసార్లు పడింది. పిల్ల స్కూలు ఫీజు కట్టేశాడు. మేనేజరు వచ్చే నెల మొత్తం కోసేయమన్నాడు. చట్టం చూపించి నాలుగు వాయిదాలు చేశాను. ఆ రోజు నా మీద నాకే గౌరవం కలిగింది, దాచడమెందుకు. కానీ వెళ్ళిపోయినవాళ్ళకి కోయడానికి జీతం ఉండదు. బెదిరింపు ఒక్కటే మిగులుతుంది. అది నేను ధారాళంగా వాడాను.

ఇంటిల్లిపాదికీ రికవరీ అన్న మాట పడదు. మా నాన్న విజయనగరం జిల్లాలో ప్రభుత్వ టీచరుగా చేసి 2006లో రిటైరయ్యారు. పెన్షన్ కాగితాలు వెళ్ళాక ఆడిట్‌లో తేలిందట, ఎప్పుడో జీతం ఫిక్సేషన్‌లో ఒక ఇంక్రిమెంటు ఎక్కువ పడిందని. అప్పటినుంచీ లెక్క కట్టి గ్రాట్యుటీలో కోశారు. సర్వీస్ రిజిస్టర్‌లో రాసింది ఆఫీసువాళ్ళు, సంతకం పెట్టింది హెడ్మాస్టరు, బిల్లు పాస్ చేసింది ట్రెజరీ. నాన్నకి తెలిసిందల్లా ఒకటో తారీఖు.

ఎనిమిదేళ్ళు ఆలస్యంగా, 2014 డిసెంబర్ 18న, సుప్రీంకోర్టు రఫీక్ మసీహ్ కేసులో తీర్పిచ్చింది. అడ్డదారి తొక్కకుండా, యజమాని పొరపాటు వల్లే ఎక్కువ అందుకున్నవాళ్ళ దగ్గర వసూలు ఎప్పుడు కూడదో అందులో చెప్పింది. మూడో, నాలుగో తరగతి ఉద్యోగుల దగ్గర కూడదు. రిటైరైనవాళ్ళ దగ్గర, ఏడాదిలోపు రిటైరయ్యేవాళ్ళ దగ్గర కూడదు. అయిదేళ్ళకు మించి ఇచ్చుకుంటూ పోయి ఇప్పుడు అడగకూడదు. పై పోస్టు పని చేయించుకుని ఆ జీతం వెనక్కి లాక్కోకూడదు. వసూలు చేయడమే అన్యాయమయ్యే ఇంకే సందర్భంలోనైనా కూడదు. 1999లో రిటైరైన థామస్ డేనియల్ అనే కేరళ టీచరుకి 2022లో ఈ దారిలోనే ఊరట దొరికింది. 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో మాత్రం ఒక పిట్టగోడ కట్టారు: ఎక్కువ పడితే తిరిగిస్తానని ముందే రాసిచ్చినవాళ్ళు ఆ మాటకు కట్టుబడాలి. ఫిక్సేషన్ అప్పుడు అలాంటి కాగితం మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టనివాళ్ళు ఎంతమందో నాకు అనుమానమే.

ఈ తీర్పులన్నీ ఆ వారం మళ్ళీ చదివాను, ఎక్కడైనా నాకు చోటుంటుందేమోనని. లేదు. నాది ప్రైవేటు ఉద్యోగం, చిన్న హోదా కాదు, అడిగింది రెండు నెలలు తిరక్కుండానే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ఉండనే ఉంది: పొరపాటున ఇచ్చిన డబ్బు పుచ్చుకున్నవాడు తిరిగివ్వాలి. అన్నిటికన్నా నన్ను పట్టి ఆపింది 2008 నాటి సయ్యద్ అబ్దుల్ ఖాదిర్ కేసు. బీహార్ టీచర్లకి ఊరటనిస్తూనే కోర్టు ఒక మాటంది: ఎక్కువ వస్తోందని ఉద్యోగికి తెలుసని రుజువైతే లెక్క మారుతుంది అని. మా నాన్నకి తెలియదు. నాకు మెసేజ్ వచ్చిన నిమిషంలో తెలుసు.

నాన్నకి ఫోన్లో చెప్పాను. కంపెనీని తిడతారనుకున్నాను. "వాళ్ళు ఉత్తరం రాసే దాకా ఎందుకు ఆగేవమ్మా?" అన్నారు.

సరే, ఇవ్వాలి. ఎంత?

నా చేతికి 63,000 రాలేదు. అది గ్రాస్. అందులో పీఎఫ్ 3,780, టీడీఎస్ 13,104 పోగా బ్యాంకులో ఎక్కువ పడింది 46,116. చేతికి రాని డబ్బు నేనెందుకివ్వాలని మొదట కోపం వచ్చింది. పక్క సీటువాళ్ళు అడిగితే ఇదే చెప్పి ఉండేదాన్ని: నెట్ ఇచ్చి ఊరుకోండి అని. కాగితం మీద గీస్తుంటే మెల్లగా అర్థమైంది. పీఎఫ్ వెళ్ళింది నా ఖాతాలోకే. టాక్స్ జమైంది నా పాన్ మీదే. ఫారం 16లో జీతాన్ని పది రోజులకి దిద్దితే, రిటర్న్ వేశాక ఆ 13,104 నాకే రీఫండ్‌గా వస్తుంది. కాబట్టి 63,000 అడగడం తప్పు కాదు. ఫారం 16 దిద్దుతామని ఒక్క ముక్క రాయకుండా అడగడం తప్పు. అది దిద్దకపోతే నేను ముట్టని ఆదాయానికి నేను పన్ను కట్టినట్టు. మార్చి త్రైమాసికపు టీడీఎస్ రిటర్న్‌కి మే 31 గడువు, ఫారం 16కి జూన్ 15. చేతిలో మూడు వారాలున్నాయి. ఇన్నేళ్ళలో నేను గ్రాస్ అడిగిన మాజీ ఉద్యోగుల్లో ఎంతమందికి ఈ సంగతి విడమర్చి చెప్పాను? ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి "అది సిస్టమ్ లెక్కండీ" అన్నాను.

ఇంకొకటి. నాకు 12 రోజుల సెలవుల డబ్బు రావాలి. కంపెనీ పద్ధతిలో బేసిక్ మీద రోజుకి 1,500 చొప్పున 18,000. ఉత్తరంలో దాని ఊసే లేదు. నమూనాలో దానికి గడి లేదు మరి.

జవాబు రాశాను. మార్చి 31నే గమనించాననీ, చెప్పకపోవడం నా పొరపాటనీ మొదటి వాక్యంలోనే పెట్టాను. అది రాయడానికి మిగతా మెయిలంతటికన్నా ఎక్కువసేపు పట్టింది. తర్వాత లెక్క: 63,000లో 18,000 పోను 45,000. సవరించిన సెటిల్‌మెంట్ షీటు పంపండి, దిద్దిన ఫారం 16 ఇస్తామని రాసివ్వండి, అందిన రోజే కడతాను. చివర, ఇలా మళ్ళీ జరక్కుండా హోల్డ్ లిస్టు చూసుకోండి అని ఒక ముక్క.

తొమ్మిది రోజులకి షీటు వచ్చింది. పైసలతో సహా సరిపోయింది. నెఫ్ట్ కొట్టి యూటీఆర్ నంబరు పంపాను. "నోటెడ్" అని జవాబు.

మర్నాడు నా సీట్లో చేరిన కుర్రాడు ఫోన్ చేశాడు. "మేడం, మీ మెయిల్లో హోల్డ్ లిస్టు అని రాశారు. అదెక్కడుంటుంది?"

షేర్డ్ డ్రైవ్‌లో ఏ ఫోల్డరులో ఉందో చెప్పాను. తెరిచాడు. ఫిబ్రవరితో ఆగిపోయింది. మార్చిలో నాతో పాటు ఇంకెవరు వెళ్ళారని అడిగాను. ఇద్దరు, వాళ్ళ సెటిల్‌మెంట్ ఇంకా మొదలుపెట్టలేదన్నాడు.

"వాళ్ళకీ నెలంతా పడిందేమో చూడు బాబూ."

కాసేపు కీబోర్డు చప్పుడు.

"పడింది మేడం."