పాఠమూ, ప్రతీ

పాత తెలుగు పుస్తకాల గురించి ప్రవాసంలో ఉన్నవాళ్ళం రాసే వ్యాసాలు దాదాపు ఒకే తోవలో నడుస్తాయి. ముందు తాతగారి భోషాణం, అందులో చెదలు తిన్న పుస్తకాలు. తరవాత ఫలానా ఊరి గ్రంథాలయం కప్పు కారుతోందన్న బాధ. చివరికి, “ఇవన్నీ స్కాన్ చేసి నెట్లో పెట్టేస్తే పోతుంది కదా” అన్న తీర్మానం. బాధ నిజమైనదే. నా పేచీ తీర్మానంతో. స్కాన్ చెయ్యొద్దని అనను. కంప్యూటర్లని నమ్ముకుని బతుకుతున్నవాణ్ణి, ఆ మాట ఎలా అంటాను? కానీ స్కాన్ చేసేటప్పుడు దేన్ని దాస్తున్నామో, దేన్ని పారేస్తున్నామో తెలిసే చేస్తున్నామా అన్నది నా అనుమానం.

ఈ అనుమానం తెలుగు పుస్తకాల వల్ల రాలేదు. అమెరికా గ్రంథాలయాల్లో యూదుల పాత పుస్తకాల మీద జరిగిన పని గురించి చదువుతుంటే వచ్చింది. హీబ్రూ అక్షరమ్ముక్క రాదు నాకు. వాటి గురించి ఇంగ్లీషులో వచ్చినవి చదివానంతే. అయితే ఇక్కడ చెప్పబోయేది ఆ పుస్తకాల్లో ఏముందో కాదు కనక, ఆ లోటు అంతగా అడ్డం రాదనుకుంటాను.

అమితావ్ ఘోష్ ‘ఇన్ యాన్ యాంటిక్ లాండ్’ (1992) చదివినవాళ్ళకి కథ కొంత తెలుసు. కైరో పాతబస్తీ ఫుస్తాత్‌లో బెన్ ఎజ్రా సినగాగ్ ఉంది. దేవుడి పేరు రాసిన కాగితాన్ని నాశనం చెయ్యకూడదని యూదుల నియమం. అందుకని పనికిరాని కాగితాలన్నిటినీ అక్కడొక గదిలో పడేసేవారు. దాన్ని గెనీజా అంటారు. దేవుడి పేరు ఉందా లేదా అని వెతికే ఓపిక లేకో ఏమో, హీబ్రూ లిపిలో ఉన్న చీటీ ఏదైనా అందులోకే పోయింది: ప్రార్థనలు, పద్దులు, పెళ్ళి ఒప్పందాలు, అప్పు పత్రాలు, పిల్లలు అక్షరాలు దిద్దుకున్న కాగితాలు. మనకీ కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే అలవాటుంది. కానీ శిథిలమైన తాటాకుల్ని మనవాళ్ళు భక్తిగా నదిలో కలిపారు; వాళ్ళు భక్తిగా గదిలో పడేశారు. భక్తి ఒకటే. ఈజిప్టు పొడిగాలి కూడా వాళ్ళకి కలిసొచ్చిందనుకోండి.

కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న సాలమన్ షెక్టర్ 1896 చివర్లో కైరో వెళ్ళి, సుమారు 1,90,000 ముక్కలు పట్టుకొచ్చాడు. 1902లో న్యూయార్క్‌లోని జ్యూయిష్ థియలాజికల్ సెమినరీకి అధిపతిగా వచ్చాడు. ఇప్పుడు ఆ సెమినరీ గ్రంథాలయంలోనూ 30,000కి పైగా గెనీజా ముక్కలున్నాయి. షెక్టర్‌ని కైరో తీసుకెళ్ళింది గ్రంథాల మీద మోజు. ముఖ్యంగా బెన్ సిరా అనే పాత గ్రంథానికి హీబ్రూ మూలం. ఉత్తరాలూ పద్దులూ అప్పటి పండితులకి అంతగా పట్టలేదు. కేంబ్రిడ్జిలో కొన్ని పెట్టెల్ని విలువలేనివని తేల్చి పక్కన పెట్టారు. అవి అర్ధశతాబ్దం అలాగే పడున్నాయి. 1950లలో వాటిని తెరిపించినవాడు ఎస్. డి. గోయిటైన్. ఆయన 1957లో ఫిలడెల్ఫియాకి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి వచ్చి, ఆ చిత్తుకాగితాల ఆధారంతో మధ్యధరా సముద్రతీరపు మామూలు మనుషుల బతుకుల మీద 1967 నుంచి 1988 దాకా అయిదు సంపుటాలు తెచ్చాడు. చివరిది ఆయన పోయాక వచ్చింది.

వాటిలో మనవైపు వ్యవహారాలూ ఉన్నాయి. అబ్రహాం బెన్ యీజు అనే వర్తకుడు 12వ శతాబ్దంలో మంగుళూరులో పదిహేడేళ్ళు ఉన్నాడు, కంచు పాత్రలు చేయించే కార్ఖానా నడిపాడు. ఏడెన్ నుంచి స్నేహితులు ఆయనకి పంచదార, ఎండుద్రాక్షలతో పాటు కాగితం కూడా పంపేవారు. కాగితం అపురూపం కనక, వచ్చిన ఉత్తరాల వెనక, ఖాళీల్లో, ఆయన తన లెక్కలు రాసుకున్నాడు. ఒక పక్క చదివినవాడికి ఏడెన్ కబుర్లు దొరుకుతాయి, తిప్పి చూసినవాడికి మంగుళూరు దొరుకుతుంది. నన్నయకీ తిక్కనకీ నడిమి కాలం అది. ఆ రోజుల్లో మన తీరాన ఒక వ్యాపారి ఇంటి ఖర్చెంతో చెప్పే తెలుగు కాగితం ఒకటి చూపించమంటే ఎవరైనా ఏం చూపిస్తారు? శాసనాలున్నాయి, కావ్యాలున్నాయి. పద్దు లేదు.

గెనీజా ముక్కలు కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా ఇలా చాలా చోట్లకి చెదిరిపోయాయి. ఒక పుస్తకంలో మూడో ఆకు ఒక దేశంలో, నాలుగో ఆకు ఇంకో ఖండంలో. వీటిని కలపడానికి ఫ్రీడ్‌బర్గ్ గెనీజా ప్రాజెక్టువాళ్ళు ముక్కలన్నిటినీ ఫోటోలు తీయించారు. 2010 ప్రాంతాల్లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్సువాళ్ళు ఆ ఫోటోల మీద ప్రోగ్రాం నడిపి, ఫలానా ఆకూ ఫలానా ఆకూ ఒకే పుస్తకంలోవి కావచ్చునని జతలు సూచించారు. నా వృత్తి వల్ల కాబోలు, ఇది చదివి చాలాసేపు ఆగాను. ఆ ప్రోగ్రాం చూసేది అర్థాన్ని కాదు. చేతిరాత తీరు, పంక్తుల మధ్య ఎడం, అంచుల వెడల్పు. ఎవరో భక్తుడు ముందుగానే ముక్కలన్నిటినీ శుభ్రంగా టైపు చేయించి, అసలువి పారేసి ఉంటే ఈ పని చెయ్యడానికి ఏ ప్రోగ్రామూ పనికొచ్చేది కాదు.

పాఠం వేరు, ప్రతి వేరు. బ్యాంకు భాషలో చెప్పాలంటే పాఠం బేలన్సు, ప్రతి లెడ్జరు. బేలన్సు చాలనుకునేవాడికి డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో, ఎవరి చేతులు మారిందో ఎప్పటికీ తెలియదు.

ప్రతిలో ఏం చదవొచ్చో యూదుల పుస్తకాలు చూస్తే తెలుస్తుంది. ఇటలీలో చర్చి పంపిన సెన్సారు అధికారులు నచ్చని మాటల మీద సిరా పూసి, చివరి పేజీలో సంతకం చేసి తేదీ వేసేవారు. కొన్ని ప్రతుల్లో ఆ సిరా ఇప్పుడు వెలిసిపోయి, కింద కొట్టేసిన మాటలు మళ్ళీ కనిపిస్తున్నాయి. పాస్కా పండగ రాత్రి భోజనాల దగ్గర చదివే హగ్గదా పుస్తకాల మీద ద్రాక్షసారా మరకలుంటాయి. పుస్తకం బీరువాలో లేదు, పళ్ళెం పక్కన ఉందని దానర్థం. రాసినవాళ్ళు కూడా చివర తమ పేరు, ఎవరికోసం రాశారు, ఏ రోజున ముగించారు అన్నది చెప్పుకునేవారు. గాడిద నిచ్చెన ఎక్కేదాకా తమకే హానీ రాకూడదని కోరుకున్న లేఖకులున్నారు. మన లేఖకులూ తక్కువవాళ్ళేం కాదు. నడుమూ మెడా పడిపోయేలా రాశాం, నూనె నించీ నీళ్ళ నించీ మూర్ఖుల చేతినించీ కాపాడండని ఆకు చివర మొరపెట్టుకున్నారు. అచ్చువేసేటప్పుడు ఆ మొరని ముందుగా తీసేసేది మనమే.

ఇంకో ఉదాహరణ. నాజీలు యూరప్ అంతటా దోచిన యూదుల పుస్తకాల్ని అమెరికా సైన్యం 1946లో ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఆఫెన్‌బాఖ్‌లో ఒక గిడ్డంగికి చేర్చింది. లక్షల పుస్తకాలు, సర్దాల్సిన పనివాళ్ళకి హీబ్రూ రాదు. అక్కడి అధికారి కెప్టెన్ ఐజాక్ బెన్‌కోవిట్జ్ రసాయనశాస్త్రం చదివినవాడు. ఆయన పుస్తకాల్లోని గ్రంథాలయ ముద్రల్ని ఫోటోలు తీయించి, ఒక్కో మనిషికి కొన్నేసి ముద్రలు బొమ్మల్లా గుర్తుపెట్టుకోమన్నాడు. పుస్తకాలు వరసగా వాళ్ళ ముందునుంచి సాగేవి. ఎవరి ముద్ర వాళ్ళు పట్టుకునేవారు. ఒక్క మాట చదవకుండా, ఏ ఊరి పుస్తకం ఏదో తేల్చారు. 20 లక్షలకి పైగా అలా వెనక్కి వెళ్ళాయి. వారసులే మిగలని పుస్తకాల్ని పంచిపెట్టే పని 1949 నుంచి కొన్నేళ్ళు హనా అరెంట్ చూసింది. అలా వచ్చిన పుస్తకాలు అమెరికా గ్రంథాలయాల్లో ఈనాటికీ ఉన్నాయి, లోపల ఆ సంస్థ చీటీతో సహా. ఊరూ పోయింది, చదివినవాళ్ళూ పోయారు. అట్ట లోపలి ముద్ర ఒక్కటే సాక్ష్యం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. బ్రౌన్‌దొర పేరు చెప్పకుండా ఈ ప్రసంగం నడవదు. కడపలో పండితుల్ని జీతానికి పెట్టి, ఊరూరా తాళపత్రాలు సేకరించి, సరిపోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. ఆయన చెయ్యకపోతే ఎన్ని కావ్యాలు మనకి దక్కేవో చెప్పలేం. ఇది ఒప్పుకుంటూనే ఒక మాట. 1829లో ఆయన అచ్చువేసిన వేమనలో 693 పద్యాలున్నాయి, 1839 నాటికి 1164 అయ్యాయి. వాటిని నీతి, వ్యంగ్యం, తత్వం అని తన పద్ధతిలో విడగొట్టి అమర్చాడు. ఏ పద్యం ఏ ఊరి ప్రతిలోది, దాని పక్కన ఏ పద్యం ఉండేది, ఎవరు రాసి పెట్టుకున్నారు అన్నవి చదివేవాడి కంటికి అందకుండా పోయాయి. నన్నెచోడుడి కావ్యానికైతే ఇది చిన్న నష్టమే. జనం నోట పెరిగిన వేమనకి ఆ వివరాలే సగం కథ. బ్రౌన్ సేకరణలో మిగిలినవి చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. అచ్చు వేమన చేతికందాక వాటి దగ్గరకి వెళ్ళాలనుకున్నవాళ్ళు తక్కువ.

బ్రౌన్ అలవాటే మన స్కానర్లకీ వచ్చింది. 2000 దశకం మొదట్లో కార్నెగీ మెలన్‌లో రాజ్ రెడ్డి గారు తలపెట్టిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. వేల తెలుగు పుస్తకాలు ఇంట్లోకి వచ్చి పడ్డాయి. ఆ సైటు ఇప్పుడు లేదు, కానీ దాని నకళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి, నేనూ రోజూ వాడుకుంటాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన శీర్షికలు చూసి నవ్వుకోని తెలుగువాడు లేడు. అది చిన్న తప్పు, దిద్దుకోవచ్చు. పెద్దది వేరే ఉంది. ఆ స్కాన్లు తెలుపూ నలుపూ మాత్రమే, మధ్యలో బూడిదరంగు కూడా లేదు. ప్రతి చుక్కా అయితే నలుపు, కాకపోతే తెలుపు. అచ్చక్షరం చక్కగా వస్తుంది. పెన్సిల్ గీత తెలుపులో కలిసిపోతుంది, ఊదారంగు ముద్ర నల్లటి మచ్చవుతుంది. పాఠం కావాలనుకున్నారు, పాఠం తీసుకున్నారు.

ఆ పోయేవి ఏమిటంటారా? విస్కాన్సిన్, షికాగో లాంటి విశ్వవిద్యాలయాల తెలుగు పుస్తకాల్లో చాలావాటికి పి.ఎల్.480 చరిత్ర ఉంది. మనకి గోధుమలు పంపిన చట్టమే అది. ఆ గోధుమల బాకీ రూపాయలతో 1962 నుంచి ఇక్కడి గ్రంథాలయాలు మన పుస్తకాలు కొన్నాయి. అంతర్ గ్రంథాలయ సౌకర్యం ద్వారా నేను తెప్పించుకున్న ఒక నవలకి వెనక గడువు చీటీలో ఒకే ఒక్క తేదీ ఉంది. పాతికేళ్ళలో నేను రెండో పాఠకుణ్ణి! ఇక మా ఊళ్ళో అద్దె పుస్తకాల షాపు నవలలు తీసుకోండి. వెనక అట్ట మీద రోజువారీ తేదీలు, మధ్య పేజీల్లో పాఠకుల వ్యాఖ్యలు. నూటపాతికో పేజీలోనే “హీరో చివర్లో చచ్చిపోతాడు” అని రాసిన పుణ్యాత్ముడు ప్రతి ఊళ్ళోనూ ఉండేవాడు. వారపత్రికల సీరియళ్ళ కాలంలో తెలుగువాళ్ళు ఏం చదివారు, ఎంత చదివారు అన్నదానికి అంతకంటే నికరమైన సాక్ష్యం ఎక్కడుంది? ఆ నవలల్ని మంచి ప్రతి దొరకలేదని స్కానింగువాళ్ళు పక్కన పెడతారు. వాళ్ళ దృష్టిలో మంచి ప్రతి అంటే ఎవరూ చదవనిది.

దీనికి జవాబుగా డబ్బు, చోటు, మనుషులు ఎక్కడ అంటారు. న్యాయమైన ప్రశ్నే. 1966 ఏప్రిల్ 18న షెక్టర్ సెమినరీ గ్రంథాలయం తగలబడి 70,000 పుస్తకాలు బూడిదయ్యాయి. తడిసినవాటి పేజీల మధ్య చుట్టుపక్కలవాళ్ళు వచ్చి పేపర్ టవళ్ళు పెట్టారు. ఎంత దాచినా ప్రతి పోవచ్చు, నకలు ఉండాల్సిందే. 1980లో ఆరన్ లాన్‌స్కీ మొదలుపెట్టిన యిడ్డిష్ బుక్ సెంటర్ కూడా పది లక్షలకి పైగా పుస్తకాలు పోగుచేసి, రెండోవీ మూడోవీ వేరే గ్రంథాలయాలకి పంచేసింది. అన్నీ అట్టిపెట్టుకోమని ఎవరూ అనరు. కానీ రెండో ప్రతిని డూప్లికేట్ రికార్డు కింద కొట్టేసే ముందు అందులో ఏముందో రాసిపెట్టుకోవచ్చు. కొలంబియాలో నడుస్తున్న ఫుట్‌ప్రింట్స్ అనే ప్రాజెక్టు చేసేది అదే. పుస్తకం పేరుకి కాదు, ఒక్కో ప్రతికి, అది ఏ సంవత్సరం ఏ ఊళ్ళో ఎవరి దగ్గర ఉందో సంతకాలూ ముద్రలూ చూసి నమోదు చేస్తారు. డేటాబేసుగా చూస్తే అదేమంత బ్రహ్మవిద్య కాదు. నాలుగు టేబుళ్ళు.

మా మిత్రులు కొందరు ఊళ్ళలో పెద్దవాళ్ళు పోయిన ఇళ్ళ నుంచి పుస్తకాలు తెప్పించి స్కాన్ చేయిస్తున్నారు. వెన్ను కోసి, విడి ఆకుల్ని మిషన్లో పెడితే గంటకి మూడు పుస్తకాలవుతాయి. తరవాత ఆకులు తూకానికి పోతాయి. పోయినేడు మా నాన్నగారి పుస్తకాలు కూడా ఆ వరసలోకి వచ్చాయి. లోపలి అట్టల మీద ఎవరికి ఎప్పుడు అరువిచ్చారో ఆయన చేతిరాతలో ఉంది, తిరిగి తేనివాళ్ళ పేర్ల కింద గీతతో సహా. వాటి వెన్ను కొయ్యనివ్వలేదు. అన్నయ్య ఇంట్లో మేడమీద ఉన్నాయి. మిగతావాళ్ళ పుస్తకాలకి ఒక్కోదానికి రంగుల్లో ఆరు ఫోటోలు అదనంగా తియ్యమని అడిగాను. ఖర్చు లెక్కలు వేసి, రెండు వారాలు వాదించి, మూడుకి ఒప్పుకున్నారు. ముందు అట్ట లోపలివైపు, వెనక అట్ట లోపలివైపు, ముద్ర ఉన్న పేజీ ఏదైనా ఉంటే అది. అంచులు కత్తిరించే సెట్టింగు సంగతి ఇంకా తేలలేదు.