కొత్త కొలువుకు రోగమొస్తే

హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ముత్యాల దుకాణంలో చేరిన అమ్మాయికి రెండు నెలలైనా తిరక్కుండానే డెంగీ వచ్చిందనుకుందాం. వైద్యం ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? మంచాన పడ్డ రోజుల జీతం ఎవరివ్వాలి? ఏ ఆరోగ్య బీమానైనా ఈ రెండు ప్రశ్నలతోనే తూచాలి. ఈఎస్‌ఐ, ప్రైవేటు బీమా, ఆరోగ్యశ్రీ కొత్తగా చేరినవారిని మూడు తీరుల్లో చూస్తాయి.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) 1948 నాటి చట్టంతో వచ్చిన పథకం. పదిమందో అంతకన్నా ఎక్కువమందో పనిచేసే చోట, 2017లో పెంచిన పరిమితి ప్రకారం, నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లందరికీ ఇది తప్పనిసరి. 15,000 జీతమైతే ఉద్యోగి వాటా 0.75 శాతం చొప్పున సుమారు 113 రూపాయలు, యజమాని వాటా 3.25 శాతం చొప్పున సుమారు 488. డిస్పెన్సరీ వైద్యం చేరిన రోజు నుంచే దొరుకుతుంది. పాత జబ్బా కొత్త జబ్బా అని అడిగేవారుండరు. ఈ విషయంలో ఈఎస్‌ఐని మించినది లేదు.

జీతం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ ఉదారత కనిపించదు. జబ్బు రోజులకు 70 శాతం వేతనం ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. కానీ మొదటిసారి కొలువులో చేరినవారికి ఆ హక్కు తొమ్మిది నెలల తర్వాతే మొదలవుతుంది. జులై 1న చేరిన అమ్మాయికి ఆగస్టులో జ్వరమొస్తే మందులిస్తారు, జీతం ఇవ్వరు. రోజుకు సుమారు 350 రూపాయల ఆ భత్యం కోసం ఏప్రిల్ 1 దాకా ఆగాలి. మొదటి నెల నుంచే చందా కోసుకుంటూ ఇలా ఆపడం న్యాయం కాదు.

ప్రైవేటు బీమాది వేరే లెక్క. సొంతంగా పాలసీ కొంటే ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు సాధారణంగా ఏమీ రాదు. షుగరు, బీపీ లాంటి పాత జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి. 2024కు ముందు ఈ గడువు 48 నెలల దాకా ఉండేది. రోగం వచ్చాక పాలసీ కొనేవాళ్లు పెరిగితే అందరి ప్రీమియమూ పెరుగుతుందన్న కంపెనీల వాదనలో నిజముంది. అయితే ఆ వాదన తనంతట తాను పాలసీ కొనుక్కునేవారికే చెల్లుతుంది. డెంగీ వస్తుందని ముందే తెలిసి ఎవరూ ముత్యాల దుకాణంలో చేరరు. ఇదే నగరంలో హైటెక్ సిటీ కంపెనీలు తీసుకునే గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకు కూడా తొలిరోజు నుంచే రక్షణ ఇవ్వడం మామూలే. అంటే గడువు లేకుండా బీమా నడపడం అసాధ్యమేమీ కాదు. కాకపోతే ఉద్యోగం మానేస్తే ఆ రక్షణ కూడా పోతుంది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి చందా లేదు, గడువు లేదు. తెలంగాణలో 2023 డిసెంబరులో చికిత్స ఖర్చు పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. లాడ్‌బజార్ వెనక గల్లీల్లో ముగ్గురో నలుగురో కూర్చుని లక్క కరిగించి గాజులు చేసే కార్ఖానాలకు ఈఎస్‌ఐ వర్తించడం అరుదు. అక్కడివారికి పెద్ద జబ్బు వస్తే ఉస్మానియా ఆసుపత్రితో పాటు ఇదే ఆధారం. కానీ ఇది జాబితాలో ఉన్న ఆసుపత్రి చికిత్సలకే. పోయిన కూలి గురించి దీనిలో మాటే లేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే వైద్యం విషయంలో మొదటి స్థానం ఈఎస్‌ఐదే. ఆరోగ్యశ్రీ పెద్ద చికిత్సకు గట్టి అండ. సొంత ప్రైవేటు పాలసీ కొత్త జీతగాడికి ఆఖరి దారి. జబ్బు రోజుల జీతం విషయంలో మాత్రం మూడూ కొత్తవారిని వదిలేశాయి. వీటిలో దిద్దుకోగలిగింది, దిద్దుకోవాల్సింది ఈఎస్‌ఐ. పనిలో గాయపడితే చందా రోజులు లెక్కపెట్టకుండా తొలిరోజు చేరినవారికైనా 90 శాతం వేతనమిచ్చే నిబంధన ఈఎస్‌ఐలోనే ఉంది. గాయానికి ఉన్న దయ జ్వరానికి ఎందుకుండకూడదు? దుర్వినియోగం జరుగుతుందన్న భయానికి డాక్టరు సర్టిఫికెట్, 91 రోజుల పరిమితి, జీతం లేని తొలి రెండు రోజులు చాలు. అమెరికాలో సైతం యజమానులిచ్చే బీమాకు 90 రోజులకు మించి ఆపరాదని 2014 నుంచి చట్టం అమలవుతోంది. అక్కడ ఆపేది వైద్యాన్ని, ఇక్కడ వేతనాన్ని. అయినా గడువుకు ఒక హద్దు ఉండాలన్న సూత్రం ఇక్కడికీ వర్తిస్తుంది.

తొమ్మిది నెలలను మూడుకు దించాలని కార్మిక సంఘాలు గట్టిగా అడగాలి. ఈలోగా కొత్తగా చేరినవారు ఒక పని చేయండి. యజమాని మీ పేరును పది రోజుల్లోగా ఈఎస్‌ఐలో నమోదు చేయాలి. ఐపీ నంబరు (బీమా ఉన్న వ్యక్తిగా మీకిచ్చే సంఖ్య) అడిగి తీసుకోండి. అది చేతిలో లేకపోతే తొలిరోజు నుంచి ఉన్న వైద్యం హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది.